పొగకు దారి: పొయ్యిగడ్డ నుంచి చిమ్నీ గొట్టం దాకా

ఆదివాసీ చరిత్ర అనగానే మనకు రాంజీ గోండు, కొమురం భీం, మన్యం తిరుగుబాట్లు గుర్తుకొస్తాయి. అవి ఎప్పటికీ గుర్తుండాలి. అయితే చరిత్ర అడవిలో, కొండమీద మాత్రమే నడవలేదు. మన ఇళ్లలో పొయ్యి దగ్గర కూడా నడిచింది. ఆ చరిత్రను మోసింది మన అమ్మమ్మలు, నానమ్మలు, వాళ్ల అమ్మలు. పుస్తకాల్లో వాళ్ల పేర్లు లేవు. వాళ్లు పీల్చిన పొగకు లెక్క కూడా చాలాకాలం ఎవరూ కట్టలేదు.

ఈ వ్యాసం ఆ పొగ గురించే. మన ఇళ్లలో పొగ ఎటు పోయేది, ఆ దారి ఎప్పుడు మూసుకుపోయింది, మళ్లీ తెరవడానికి ఎవరెవరు ఏం చేశారు అనేది యువతకు తెలియాలి. ఎందుకంటే ఉట్నూరు, భద్రాచలం, పాడేరు, రంపచోడవరం, సీతంపేట చుట్టుపక్కల ఇప్పుడు స్లాబు ఇళ్లు కడుతున్నది మీరే. ఉద్యోగాలకు వెళ్లి నగరాల్లో ఫ్లాట్లలో ఉంటున్నదీ మీరే. ఆ వంటింట్లో పొయ్యి మీద చిమ్నీ పెట్టాలా, పెడితే దాని గొట్టం ఎక్కడికి వెళ్లాలి అని నిర్ణయించేది కూడా మీరే.

గడ్డికప్పు కింద పొయ్యి

మన తెగల ఇళ్లన్నీ ఒకే తీరుగా ఉండవు. నల్లమల చెంచుల పాత గుడిసె గుండ్రంగా, పైన శంఖం ఆకారపు గడ్డికప్పుతో ఉండేది. గోదావరి లోయలో కొండరెడ్ల ఇంటికి వెదురు తడికల గోడలు, వాటిమీద మట్టి పూత, పైన గడ్డికప్పు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో చెక్కలు, తడికలు, మట్టి కలిపి కట్టిన పొడవాటి ఇళ్లు. ఉత్తరాంధ్ర సవరల ఇళ్లు వీధి పొడవునా వరుసగా, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. 1940లలో ఈ ప్రాంతాల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చెంచుల మీద, కొండరెడ్ల మీద, గోండుల మీద వేరువేరు పుస్తకాలు రాశాడు. ఆనాటి ఇళ్ల తీరు వాటిలో నమోదైంది.

తీరు ఏదైనా ఒక పోలిక ఉంది. పొయ్యి చాలావరకు ఇంటి లోపలే ఉండేది. మూడు రాళ్లు, లేదా మట్టితో కట్టిన పొయ్యిగడ్డ. కిటికీలు ఉండేవి కావు, ఉన్నా చిన్నవి. చలికి, వానకు, అడవి జంతువులకు భయపడి కట్టుకున్న ఇల్లు అది. పొగగొట్టం అనేది లేనేలేదు.

మరి పొగ ఎటు పోయేది? వేడెక్కిన పొగ తేలికై పైకి లేస్తుంది. గడ్డికప్పు చూడటానికి మూసినట్టు ఉన్నా దానిలో వేల సందులుంటాయి. గోడకూ చూరుకూ మధ్య కూడా ఖాళీ ఉంటుంది. తడికకు మట్టి రాలిన చోట గాలి ఆడుతుంది. పొద్దున్నే దూరం నుంచి గూడేన్ని చూస్తే కప్పులన్నీ ఊపిరి వదులుతున్నట్టు పొగ పైకి లేచేది ఇందుకే. ఇంటి కప్పు మొత్తమే ఒక పెద్ద పొగగొట్టంగా పనిచేసేది.

ఆ పొగ ఊరికే పోయేది కాదు. పోతూ పోతూ పని చేసిపెట్టేది. పొయ్యి పైన అటక మీద, దూలాలకు మొక్కజొన్న కంకులు, సొర, బీర విత్తనాలు, చిక్కుడు గింజలు వేలాడేవి. పొగ తగిలి అవి పొడిగా ఉండేవి, పురుగు పట్టేది కాదు. మాంసం, చేపలు పొయ్యి మీద ఎండేవి. వెదురు వాసాలకు మసి పట్టి చెద, పురుగు దగ్గరకు రాకుండా ఉండేవి. గడ్డికప్పు ఎక్కువ కాలం నిలిచేది. వానాకాలంలో దోమల బెడద తగ్గేది. మన పెద్దలు పొగను శత్రువుగా చూడకపోవడానికి ఇన్ని కారణాలున్నాయి. దీన్ని తెలివితక్కువతనం అనుకుంటే మనం వాళ్లకు అన్యాయం చేసినట్టే.

కానీ ఆ పొగకు ఖరీదు కట్టింది ఎవరు? పొయ్యి ముందు గొంతుకూర్చుని ఊదుగొట్టంతో మంట ఊదిన ఆడవాళ్లు, వాళ్ల ఒడిలోని పసిపిల్లలు. విత్తనాలు అటక మీద ఉండేవి, మనుషులు పొయ్యి పక్కన ఉండేవారు. పొగ పైకి చేరేలోపే వాళ్ల కళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది. నడివయసుకే దగ్గు, ఆయాసం, మసకబారిన కళ్లు. వాటిని ముసలితనం అనుకున్నారు తప్ప పొయ్యితో ముడిపెట్టి చూసినవారు తక్కువ.

దొరల దేశంలోనూ ఇదే కథ

పొగ నిండిన ఇల్లు వెనుకబాటుకు గుర్తు అని మనల్ని ఎవరైనా చిన్నచూపు చూస్తే వాళ్లకు ఇంగ్లండు చరిత్ర చెప్పండి. అక్కడ మధ్యయుగాల్లో సామాన్యుల ఇళ్లలోనే కాదు, ప్రభువుల పెద్ద చావడుల్లో కూడా మంట నేల మధ్యలోనే మండేది. పొగ కప్పులోని సందుల గుండా, పైన పెట్టిన జాలీ గూడు గుండా పోయేది. గోడలో కట్టిన పొగగొట్టం 12వ శతాబ్దంలో కోటల్లో కనిపించినా, మామూలు ఇళ్లకు చేరడానికి ఇంకో నాలుగు వందల ఏళ్లు పట్టింది.

1577లో విలియం హారిసన్ అనే ఆయన తన దేశాన్ని వర్ణిస్తూ పుస్తకం రాశాడు. తమ ఊరి ముసలివాళ్లు తమ కాలంలో వచ్చిన పెద్ద మార్పుల్లో కొత్తగా లేచిన పొగగొట్టాలను ఒకటిగా చెప్పేవారని అందులో ఉంది. ఇంకో ముచ్చట కూడా రాశాడు: పాత రోజుల్లో పొగ ఇంటి దూలాలను గట్టిపరుస్తుందని, ఇంట్లోవాళ్లకు జలుబు రాకుండా కాపాడుతుందని నమ్మేవారట. మన తాతలు చెప్పిన మాటకు, ఆ దేశపు తాతలు చెప్పిన మాటకు ఎంత దగ్గర పోలిక ఉందో చూడండి. గడ్డికప్పు కింద బతికిన మనుషులందరూ ఒకే అనుభవం నుంచి ఒకే మాట చెప్పారు.

పొగగొట్టం వచ్చాక కూడా అక్కడ గొడవలు తీరలేదు. 1662లో ప్రభుత్వం పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల పన్ను వేసింది. పన్ను తప్పించుకోవడానికి కొందరు పొయ్యిలే మూసుకున్నారు. 1689లో ఆ పన్ను రద్దయింది. గొట్టాలు సరిగా లాగక పొగ తిరిగి ఇంట్లోకే రావడం మరో బాధ. 1790లలో రమ్‌ఫర్డ్ అనే శాస్త్రజ్ఞుడు పొగగొట్టం మొదలును ఇరుకు చేసి, పొయ్యి లోతు తగ్గించి ఆ బాధకు మందు చూపించాడు. గొట్టం ఉంటే చాలదు, దాని కొలత కూడా సరిగా ఉండాలని ఆనాడే తేలింది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

హైదరాబాదులో పుట్టిన పొయ్యి

మన దేశంలో వంటింటి పొగ మీద గట్టిగా ఆలోచించడం 1940లలో మొదలైంది. వార్ధాలోని మగన్‌వాడిలో గాంధీజీ అనుయాయులు గ్రామ పరిశ్రమల పనిలో భాగంగా ఒక మట్టి పొయ్యి రూపొందించారు. దానికి మగన్ చూల్హా అని పేరు.

ఆ తర్వాతి అడుగు మన హైదరాబాదులో పడింది. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు ఒక పొగలేని పొయ్యి తయారుచేశారు. మంట ఒకచోట మండుతుంది. ఆ వేడి మట్టిలో మలిచిన సొరంగం గుండా వరుసగా ఉన్న గిన్నెల కిందికి పోతుంది. చివరికి పొగ నిలువు గొట్టం ఎక్కి కప్పు దాటుతుంది. 1953లో ఆయన 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే చిన్న పుస్తకం అచ్చువేయించారు. కోట్లమంది వంటిళ్లు పొగ లేకుండా ఉండాలన్నదే ఆ పేరు. పరిశోధనశాల ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలతో ఆ పొయ్యిని హెర్ల్ చూల్హా అని పిలిచారు.

1983 చివర్లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 2002లో కేంద్రం దాన్ని ఆపేసేనాటికి దేశమంతా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టినట్టు లెక్క. అదే కాలంలో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. 1985లో మొదలైన ఆ పథకం మొదట్లో ప్రధానంగా దళిత, ఆదివాసీ కుటుంబాల కోసం. ఇంటితోపాటు పొగలేని పొయ్యి కూడా ఉండాలని దాని నిబంధనల్లో రాశారు.

కాగితం మీద ఇంత మంచి ఏర్పాటు గూడేల్లో ఎందుకు నిలవలేదు? గొట్టంలో మసి పేరుకుంటుంది, నెలకోసారైనా దులపాలి. మట్టి పగులుతుంది, మెత్తాలి. ఆ పని నేర్పినవారు తక్కువ. మన పెద్ద కుండలకు పొయ్యి రంధ్రం సరిపోకపోతే ఆడవాళ్లు రంధ్రాన్ని పగలగొట్టి పెద్దది చేసుకున్నారు. మన పక్క రాష్ట్రం ఒడిశాలో పొగగొట్టం పొయ్యిల మీద ఆర్థికవేత్తలు పెద్ద అధ్యయనం చేశారు. దాదాపు 2,600 కుటుంబాలను నాలుగేళ్ల దాకా గమనించారు. మొదటి ఏడాది పొగ తగ్గింది. తర్వాత మరమ్మతు లేక, వాడకం తగ్గి ఆ లాభం పోయింది. పొయ్యి ఇచ్చి వెళ్లిపోతే సరిపోదు, వండే మనిషి ఆ పొయ్యిని తనదిగా చేసుకోవాలి.

పొగను తూచిన రోజులు

పొగ హాని చేస్తుందని అందరికీ తెలుసు. ఎంత హాని చేస్తుందో కొలవడం ఆలస్యంగా మొదలైంది. 1980ల మొదట్లో కిర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్త, భారతీయ సహచరులతో కలిసి గుజరాత్ గ్రామాల్లో వంట చేసే ఆడవాళ్లకు చిన్న కొలత పరికరాలు తగిలించి, వాళ్లు పీల్చే గాలిలో ఎంత ధూళి ఉందో చూశాడు. 1983లో ఆ ఫలితాలు వెలువడ్డాక ప్రపంచం కట్టెల పొయ్యిని ఆరోగ్య సమస్యగా చూడటం మొదలుపెట్టింది.

తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కొలతలు జరిగాయి. డాక్టర్ కల్పనా బాలకృష్ణన్ బృందం మూడు జిల్లాల్లో 420 పల్లె ఇళ్లలో గాలిని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. ఇరవైనాలుగు గంటల సగటున, ఊపిరితిత్తుల్లోకి చేరే సన్నని ధూళి ఘనపు మీటరు గాలిలో గ్యాస్ ఇళ్లలో 73 మైక్రోగ్రాముల నుంచి కట్టెలు, పిడకలు వంటివి కాల్చే ఇళ్లలో 732 దాకా ఉంది. పది రెట్ల తేడా. ఇంధనం ఏమిటన్నదే కాదు, వంటిల్లు ఎక్కడుంది, ఎలా కట్టారు అనేదాన్ని బట్టి కూడా పొగ మోతాదు మారుతుందని ఆ పరిశోధన చెప్పింది. అంటే ఇల్లు కట్టే తీరులోనే సగం ఆరోగ్యం ఉంది.

ఇంట్లోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 32 లక్షల మంది అకాల మరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పిల్లల్లో న్యుమోనియా, పెద్దల్లో గుండెజబ్బు, పక్షవాతం, దీర్ఘకాలపు ఆయాసం, ఊపిరితిత్తుల క్యాన్సర్ వీటికి కారణాలు.

గ్యాస్ వచ్చింది, కప్పు మారింది

1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016 మే 1న కేంద్రం ఉజ్వల పథకం ప్రారంభించింది. 2018లో దాన్ని విస్తరించినప్పుడు ఎస్టీ కుటుంబాలను, అడవుల్లో నివసించేవారిని అర్హుల జాబితాలో ప్రత్యేకంగా చేర్చారు. మన గూడేల్లోకి ఎర్ర సిలిండర్ వచ్చింది. అయినా సిలిండర్ ధర, దూరం, అలవాటు వల్ల చాలా ఇళ్లలో కట్టెల పొయ్యి ఇప్పటికీ ఆరలేదు. రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

అదే సమయంలో ఇంటి కప్పు మారింది. గడ్డి పోయి పెంకు వచ్చింది, పెంకు పోయి రేకు వచ్చింది, ఇప్పుడు స్లాబు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ ఇంటికి కనీసం 25 చదరపు మీటర్ల స్థలం, అందులో వంటకు ప్రత్యేక చోటు ఉండాలన్నారు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద చెంచు, కోలాం, కొండరెడ్డి, తోటి వంటి తెగలకు కూడా పక్కా ఇళ్లు మంజూరవుతున్నాయి. ఇది సంతోషించాల్సిన మార్పే.

ఇక్కడే ఒక విషయం మన కళ్లు కప్పింది. గడ్డికప్పు పొగను వదిలేది. పెంకుల సందుల్లోంచి కొంత పోయేది. రేకు అంచుల్లోంచి ఇంకొంత పోయేది. స్లాబు ఏమీ వదలదు. కప్పు గట్టిపడింది, కానీ పొగదారి మూసుకుపోయింది. స్లాబు ఇల్లు కట్టుకున్నా చాలామంది అమ్మలు పెరట్లో తడిక కట్టుకుని అక్కడే వండటం మనం చూస్తున్నాం. దాన్ని పాత అలవాటు అని నవ్వకండి. పొగకు దారి లేని చోట వండకూడదని ఆమెకు తెలుసు.

గ్యాస్ ఉన్న ఇంట్లో పొగే ఉండదని కూడా అనుకోవద్దు. నూనె కాగినప్పుడు లేచే ఆవిరిలో సన్నని కణాలుంటాయి. ఎండుమిరపకాయల తాలింపు ఘాటు అందరికీ తెలిసిందే. గ్యాస్ మంట కూడా నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువును, గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. కట్టెల పొగతో పోలిస్తే ఇది తక్కువ. మూసిన గదిలో మాత్రం తక్కువైనా పేరుకుంటుంది.

పేరుకు చిమ్నీ, పనికి చిమ్నీ

పొయ్యి మీద రేకు గొడుగులా వేలాడి, ఫ్యానుతో గాలిని లాగే పరికరాన్ని మనం చిమ్నీ అంటున్నాం. ఇళ్ల కోసం ఇలాంటివి అమెరికాలో 1930లలో తయారయ్యాయి. మన నగరాల్లో ఇప్పుడు మామూలయ్యాయి. కొత్త ఇల్లు కట్టుకున్న మన ఉద్యోగుల ఇళ్లలోనూ కనిపిస్తున్నాయి.

అయితే చిమ్నీ అంటే అసలు అర్థం పొగగొట్టం. దుకాణంలో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి గొట్టంతో పొగను గోడ బయటికి పంపేది. రెండోది గొట్టం లేనిది. ఇది గాలిని లాగి, జాలీతో నూనెజిడ్డును, బొగ్గు ఫిల్టరుతో వాసనను కొంత పట్టి, అదే గాలిని మళ్లీ వంటింట్లోకి వదులుతుంది. వేడి, ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోనే ఉంటాయి. ఫిల్టరు కొన్ని నెలలకు నిండిపోతుంది, మార్చకపోతే ఆ కొంత పనీ ఆగిపోతుంది. గోడకు రంధ్రం కొట్టే అవకాశమే లేని అద్దె ఇంట్లో అది ఉన్నంతలో మేలు. సొంత ఇల్లు కడుతూ దాన్ని ఎంచుకోవడం మాత్రం పొగగొట్టం కోసం ఇన్ని వందల ఏళ్లు జరిగిన పనిని వెనక్కి తిప్పడమే.

కాబట్టి ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో ఈ మాటలు ముందే చెప్పండి.

పొయ్యి బయటి గోడను ఆనుకుని ఉండాలి. ఆ గోడలో గొట్టానికి రంధ్రం కట్టేటప్పుడే వదలాలి. తర్వాత గోడ తొలవడం ఖర్చు, పగుళ్ల భయం.

గొట్టం ఆరు అంగుళాలదైతే ఆరు అంగుళాలతోనే బయటిదాకా వెళ్లాలి. మధ్యలో నాలుగు అంగుళాలకు తగ్గిస్తే దారి సగానికంటే తక్కువైపోతుంది. గాలి లాగదు, చప్పుడు పెరుగుతుంది. రమ్‌ఫర్డ్ కాలంలో తేలిన కొలత మాట ఇక్కడా వర్తిస్తుంది. గొట్టం పొట్టిగా, తిన్నగా, వంపులు తక్కువగా ఉండాలి. నునుపైన లోహపు గొట్టం మేలు.

గొట్టం చివర నిజంగా ఆరుబయట ఉండాలి. అటకలోకో, మూసిన వరండాలోకో, రెండు గోడల మధ్య సందులోకో వదిలితే పొగ చోటు మారుతుంది తప్ప పోదు. పక్కింటి కిటికీ వైపు, పెద్దవాళ్లు పడుకునే అరుగు వైపు తిప్పకూడదు. వాన, పిట్టలు లోపలికి రాకుండా చివర మూత ఉండాలి. గొట్టం బయటి వైపుకు కాస్త వాలుగా ఉంటే తేమ వెనక్కి కారదు.

గొడుగు పొయ్యికి మరీ ఎత్తున ఉంటే పొగ పక్కలకు జారిపోతుంది. కంపెనీవాళ్లు రాసిన ఎత్తు పాటించాలి. గ్యాస్ పొయ్యి మీద సాధారణంగా అది రెండు అడుగుల పైచిలుకు ఉంటుంది. జాలీలు తరచూ కడగాలి.

బయటికి ఎంత గాలి పోతుందో లోపలికి అంత గాలి రావాలి. చిమ్నీ నడిచేటప్పుడు ఎదురుగా ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి. అదే ఇంట్లో కట్టెల పొయ్యి కూడా మండుతుంటే ఇంకా జాగ్రత్త అవసరం. కిటికీలు మూసి చిమ్నీ వేస్తే అది కట్టెల పొగను కూడా వెనక్కి ఇంట్లోకే లాగగలదు.

చిమ్నీ కొనే స్తోమత లేకపోతే గోడ పైభాగంలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, దానికి ఎదురుగా కిటికీ చాలు. కట్టెల పొయ్యి తప్పనిసరైతే దానికి గొట్టం పెట్టి కప్పు దాటి రెండు మూడు అడుగులు పైకి లేపాలి. నెలకోసారి మసి దులపాలి. విత్తనాలకు పొగ కావాలనుకునేవారు పెరటి పాకలో ఆ ఏర్పాటు చేసుకోవచ్చు. పసిపిల్లల మధ్య అక్కర్లేదు.

మీ చేతిలో ఉన్న పని

మన తెగల చరిత్ర రాయాలని చాలామంది యువత అడుగుతున్నారు. మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి. మీ గూడెంలో మిగిలిన పాత ఇంటిని ఫోటో తీయండి. పొయ్యి ఎక్కడుండేది, అటక మీద ఏమేం దాచేవారు, పొగ ఎటు పోయేది అని అమ్మమ్మను అడిగి మన భాషలో ఆమె చెప్పిన పేర్లతోనే రాసిపెట్టండి. గోండీలో, కోయలో, సవరలో, కొలామీలో పొయ్యికి, అటకకు, చూరుకు ఉన్న మాటలు ఆ ఇళ్లతోపాటే పోతున్నాయి.

ఆ తర్వాత మీరు కట్టబోయే ఇంటి ప్లాను ఆమె ముందు పెట్టండి. పడకగదులు ఎన్ని, హాలు ఎంత అని చూసే ముందు వంటింటి గోడ చూపించి, పొగ ఎటు పోవాలో ఆమెనే అడగండి. యాభై ఏళ్లు పొయ్యి ముందు కూర్చున్న మనిషి కంటే ఆ విషయం ఎక్కువ తెలిసిన ఇంజినీరు లేడు. ఆమె చూపించిన చోట రంధ్రం వదలండి.